భాగం – 9: సరదా సంఘాలు, సేవా నిధులు – లాలాగూడ నుంచి ఒక పరిశీలన

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 సరదా సంఘం లక్షణాలు
9.3 లాలాగూడ నేపథ్యం: రైల్వే ఇన్‌స్టిట్యూట్
9.4 మూడు సేవా క్లబ్బులు
9.5 నవ్వుతూ ఇవ్వడం ఎందుకు?
9.6 రెండు సంచుల సూత్రం
9.7 చట్టపరమైన జాగ్రత్తలు
9.8 పుచ్చుకునేవారి గౌరవం
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వినోదం కోసం ఏర్పడిన సంఘం సేవాసంఘంగా ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• రోటరీ, లయన్స్, రౌండ్ టేబుల్ క్లబ్బుల పుట్టుకను, పనితీరును పోల్చగలుగుతారు.
• విరాళం ఇవ్వడానికీ సరదాకూ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఒక నిధి సేకరణ కార్యక్రమం లెక్కలను సొంతంగా పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతకు ముందు భాగాల్లో సంఘం, సమూహం, సంస్థ అనే భావనలను మీరు చదివారు. ఈ భాగంలో వాటిని మీ వీధిలోకి తీసుకువచ్చి చూద్దాం. ప్రతి కాలనీలోనూ నలుగురు కలిసి నవ్వుకునే చోటు ఒకటి ఉంటుంది. సాయంత్రం క్యారమ్స్ ఆడే గది కావచ్చు, ఆదివారం క్రికెట్ జట్టు కావచ్చు, వినాయక చవితికి పందిరి వేసే కుర్రాళ్ల బృందం కావచ్చు. ఇలాంటి బృందమే ఏదో ఒక రోజు ఒక పిల్లవాడి ఫీజు కోసమో, ఒక ముసలమ్మ కంటి ఆపరేషన్ కోసమో డబ్బు పోగుచేస్తుంది. ఆ రోజు నుంచి దాని స్వభావం మారిపోతుంది. అంతవరకు అది సభ్యులకే జవాబుదారీ. ఇక మీదట ఊరికి కూడా జవాబు చెప్పాలి.

ఈ మార్పునే మనం ఈ భాగంలో అధ్యయనం చేస్తాం. ఇందులో ప్రధానాంశం ఒక్కటే: సరదా సభ్యుల సొత్తు, వసూలైన డబ్బు ప్రజల సొత్తు. ఈ రెంటినీ విడదీసి చూపగలిగిన సంఘం తరాల తరబడి నిలుస్తుంది. కలిపేసిన సంఘం రెండు మూడేళ్లలో పరువు పోగొట్టుకుంటుంది. మీలో చాలామంది ఏదో ఒక కాలనీ సంఘంలో సభ్యులై ఉంటారు. కొందరు కోశాధికారులు కూడా అయి ఉండవచ్చు. కనుక పరీక్ష కోసమే కాక, మీ చేతిలోని రసీదు పుస్తకం కోసం కూడా ఈ పాఠాన్ని చదవండి.

9.2 సరదా సంఘం లక్షణాలు

సమాజశాస్త్ర పరిభాషలో ఇలాంటి సంఘాన్ని స్వచ్ఛంద సంఘం అంటారు. కుటుంబం, కులం, గ్రామం మనకు పుట్టుకతో వస్తాయి. స్వచ్ఛంద సంఘంలో మనంతట మనమే చేరతాం, ఇష్టం లేకపోతే మానేస్తాం. ఇందులో సరదా సంఘానికి నాలుగు లక్షణాలు ఉంటాయి.

(అ) సభ్యులు ఒకరి ముఖాలు ఒకరికి తెలిసినంత చిన్నదిగా ఉంటుంది.
(ఆ) క్రమం తప్పకుండా కలుసుకుంటుంది. వారానికో నెలకో ఒక రోజు ఉంటుంది.
(ఇ) సభ్యత్వ రుసుం ఉంటుంది. అది ఎంత చిన్నదైనా 'ఇది నాది' అనే భావన కలిగిస్తుంది.
(ఈ) హోదాలను కొంతసేపు పక్కన పెట్టే ఆటో, పాటో, పరిహాసమో ఉంటుంది.

నాలుగో లక్షణాన్ని తేలికగా తీసుకోకండి. ఆఫీసులో అయ్యగారిగా ఉండే మనిషిని క్లబ్బులో జోకు వేసి ఆటపట్టించవచ్చు. ఆ కాసేపు దొరికే సమానత్వం వల్లనే, రేపు అదే మనిషిని 'సార్, మీ వంతు ఎంత?' అని మొహమాటం లేకుండా అడగడం సాధ్యమవుతుంది.

9.3 లాలాగూడ నేపథ్యం: రైల్వే ఇన్‌స్టిట్యూట్

తార్నాక చౌరస్తా నుంచి సికింద్రాబాదు వైపు వెళ్తే మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతాలు వస్తాయి. ఒకవైపు 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరోవైపు రైల్వే కాలనీలు. చదువు, రైలు అనే రెండు లోకాలు ఇక్కడ పక్కపక్కనే పెరిగాయి.

సికింద్రాబాదుకు వాడి నుంచి రైలు 1874లో వచ్చింది. తరువాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో లాలాగూడలో వర్క్‌షాపును నెలకొల్పింది. దానితో పాటే కార్మికుల, ఫోర్‌మన్‌ల, డ్రైవర్ల, గార్డుల నివాసాలు ఏర్పడ్డాయి. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ మాట్లాడేవారితో పాటు ఇంగ్లీషు మాతృభాషగా గల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా ఇక్కడ స్థిరపడ్డాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. లాలాగూడ వర్క్‌షాపు ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

రైల్వే కాలనీల సామాజిక జీవితానికి కేంద్రం 'ఇన్‌స్టిట్యూట్'. ఈ పేరు విని ఇదేదో విద్యాసంస్థ అనుకోకండి. రైల్వేలో ఇన్‌స్టిట్యూట్ అంటే గెజిటెడ్ హోదా లేని సిబ్బంది వినోద కేంద్రం. అధికారులకు వేరుగా ఆఫీసర్స్ క్లబ్ ఉంటుంది. ఇన్‌స్టిట్యూట్ ఖర్చులకు సభ్యుల చందాతో పాటు సిబ్బంది సంక్షేమ నిధి నుంచి వచ్చే గ్రాంటు తోడవుతుంది. దేశంలోని పాత రైల్వే పట్టణాలలో ఈ ఇన్‌స్టిట్యూట్‌లు బిలియర్డ్స్ బల్లలకు, గ్రంథాలయాలకు, చెక్కనేల మీద జరిగే డ్యాన్సులకు, తంబోలా రాత్రులకు పేరు పొందాయి.

తంబోలా గురించి తెలియనివారికి ఒక మాట. టికెట్ మీద మూడు వరసల్లో వరసకు అయిదు చొప్పున 15 అంకెలుంటాయి. ఒకరు 1 నుంచి 90 వరకు ఉన్న అంకెలలో ఒక్కొక్కదాన్ని తీసి, చమత్కారంగా పిలుస్తారు. వినిపించిన అంకెను కొట్టివేస్తూ పోవాలి. ముందుగా ఏ అయిదు అంకెలైనా కొట్టినవారికి 'జల్దీ ఫైవ్', ఒక వరస పూర్తయితే 'లైన్', మొత్తం పూర్తయితే 'ఫుల్ హౌస్'. చదువుతో, వయసుతో, భాషతో పనిలేని ఆట కనుకనే ఇన్ని భాషల కాలనీలో అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టగలిగింది.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. నగరంలో అంతకు ముందే సికింద్రాబాద్ క్లబ్ (1878), నిజాం క్లబ్ (1884) ఉన్నాయి. అవి ఉన్నత వర్గాల క్లబ్బులు. వాటితో పోలిస్తే ఇన్‌స్టిట్యూట్ జీతగాళ్ల క్లబ్. అయినా అక్కడ కూడా గీతలున్నాయి. ఆఫీసర్లు ఒకచోట, సిబ్బంది మరోచోట. ప్రతి క్లబ్బూ కొందరిని కలుపుతుంది, అదే సమయంలో కొందరిని బయట ఉంచుతుంది. ఏ సంఘాన్ని పరిశీలించినా 'లోపల ఎవరున్నారు?' అన్న ప్రశ్నతో పాటు 'గుమ్మం బయట ఎవరున్నారు?' అని కూడా అడగడం అలవాటు చేసుకోండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
సూచన: మీ జవాబును నాలుగైదు వాక్యాలలో రాయండి.
1. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కూ ఆఫీసర్స్ క్లబ్‌కూ తేడా ఏమిటి?
2. లాలాగూడ వంటి బహుభాషా కాలనీలో తంబోలా ఎందుకు ఆదరణ పొందింది?

9.4 మూడు సేవా క్లబ్బులు

సభ్యుల వినోదానికే పరిమితమైన క్లబ్బుకూ సేవా క్లబ్బుకూ మధ్య వారధిగా నిలిచిన అంతర్జాతీయ సంస్థలు ప్రధానంగా మూడు. వీటి శాఖలు మన తెలుగు పట్టణాలలో విస్తారంగా ఉన్నాయి.

రోటరీ: 1905లో అమెరికాలోని షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది ప్రారంభించారు. కొత్త నగరంలో స్నేహితులు లేని వృత్తి నిపుణులకు ఒక తోడు కావాలన్నదే మొదటి ఉద్దేశం. సభ్యుల కార్యాలయాలలో వంతులవారీగా సమావేశమయ్యేవారు కనుక ఆ పేరు వచ్చింది. సేవ తరువాత వచ్చి చేరింది. వారి తొలి సేవా కార్యక్రమాలలో ఒకటి షికాగోలో ప్రజలకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయించడం. భారతదేశంలో రోటరీ 1919లో కలకత్తాలో మొదలైంది. 1985లో పోలియో నిర్మూలనను ప్రపంచవ్యాప్త లక్ష్యంగా స్వీకరించింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక రోటరీ సభ్యులు ప్రభుత్వ సిబ్బందితో కలిసి పనిచేశారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్‌తో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

లయన్స్: 1917లో షికాగోలోనే మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో ఏర్పడింది. 1925లో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ ప్రసంగించి, అంధుల పక్షాన నిలవమని సభ్యులను కోరారు. అప్పటి నుంచి కంటిచూపు వారి ప్రధాన సేవారంగమైంది. భారతదేశంలో 1956లో బొంబాయిలో తొలి క్లబ్ ప్రారంభమైంది. మన జిల్లాలలో 'కంటి శిబిరం' అనగానే లయన్స్ క్లబ్ గుర్తుకు రావడానికి మూలం ఇదే.

రౌండ్ టేబుల్: 1927లో ఇంగ్లండులోని నార్విచ్‌లో లూయిస్ మార్కేసి ప్రారంభించారు. ఆయన రోటరీ సభ్యుడే. పెద్దల మధ్య కుర్రాళ్లకు మాట్లాడే అవకాశం తక్కువ అనిపించి, 40 ఏళ్ల లోపు వారికోసం వేరే క్లబ్ పెట్టారు. వయసు దాటితే తప్పుకోవాలన్నది నియమం. మూడింటిలో అల్లరి, ఆటపాటలు ఎక్కువగా కనిపించేది ఇందులోనే. భారతదేశంలో 1957లో మద్రాసులో మొదలైంది. మన దేశంలో ఈ సంస్థ ప్రధానంగా పాఠశాలలకు తరగతి గదులు కట్టించే పనిని చేపట్టింది.

ఈ మూడు కథలలో ఒక పోలిక ఉంది. మూడూ ముందు స్నేహం కోసం లేదా పరస్పర ప్రయోజనం కోసం పుట్టాయి, సేవ వాటికి కాలక్రమంలో ఆయువుపట్టు అయింది. మరొక పోలిక కూడా ఉంది. మూడూ పురుషుల క్లబ్బులుగానే మొదలయ్యాయి. అమెరికా సుప్రీంకోర్టు 1987లో ఇచ్చిన తీర్పు తరువాతనే రోటరీ తలుపులు మహిళలకు తెరుచుకున్నాయి. 1989లో సంస్థ నియమావళి మారింది. లయన్స్ కూడా 1987లోనే మహిళలకు సభ్యత్వం ఇచ్చింది. గుమ్మం బయట ఎవరున్నారని మనం ఇంతకు ముందు వేసుకున్న ప్రశ్న ప్రపంచ స్థాయి సంస్థలకూ వర్తిస్తుందన్నమాట.

9.5 నవ్వుతూ ఇవ్వడం ఎందుకు?

సహజంగా మీకొక సందేహం రావచ్చు. 'సాయం చేయాలని ఉంటే నేరుగా డబ్బు ఇవ్వవచ్చు కదా, పాటలు, విందులు, తంబోలాలు ఎందుకు?' ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి మూడు కోణాల నుంచి జవాబు వెతకవచ్చు.

(అ) తృప్తి కోణం. ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1989–90 ప్రాంతంలో ఒక వాదన చేశారు. దాత లబ్ధిదారుని మేలు కోసం మాత్రమే ఇవ్వడు, ఇవ్వడంలో తనకు కలిగే వెచ్చని తృప్తి కోసం కూడా ఇస్తాడు. సరదా కార్యక్రమం ఈ తృప్తిని పెంచుతుంది.

(ఆ) నలుగురి ఎదుట ఇవ్వడం. దీనికి మన నగర శివారులోనే మంచి ఉదాహరణ ఉంది. బాలాపూర్ గణేశుని లడ్డూ వేలంపాట 1994లో మొదలైంది. ఆ ఏడాది లడ్డూ ధర 450 రూపాయలు. 2024లో అది 30 లక్షల 1,000 రూపాయలకు చేరింది. ఆ డబ్బును ఉత్సవ సమితి గ్రామాభివృద్ధి పనులకు వినియోగిస్తుంది. లడ్డూ బరువును బట్టి చూస్తే ఈ ధరకు అర్థం లేదు. భక్తి, ఊరి ముందు పాట పాడిన గౌరవం, పోటీలోని ఉత్సాహం, చూడవచ్చిన జనం కేరింతలు, ఇవన్నీ కలిసిన ధర అది. అదే మొత్తాన్ని ఒక గదిలో కూర్చుని చెక్కు రాయమంటే ఎంతమంది ముందుకు వస్తారో ఆలోచించండి.

(ఇ) అనుబంధ కోణం. రాజనీతిశాస్త్రవేత్త రాబర్ట్ పుట్నమ్ 2000లో వెలువరించిన గ్రంథంలో సామాజిక మూలధనాన్ని రెండు రకాలుగా వివరించారు. ఒకే రకం వారిని దగ్గర చేసేది బంధన మూలధనం. భిన్న వర్గాలను కలిపేది వారధి మూలధనం. క్లబ్బులో సభ్యుల స్నేహం మొదటి రకం. ఆ క్లబ్ తన పరిధి దాటి బస్తీలోని పాఠశాలకు చేయూతనిస్తే, క్రమేణా ఆ బస్తీ వారిని కూడా తన బల్ల దగ్గరకు పిలిస్తే, అది రెండో రకం. నిధి సేకరణ వారధికి పునాది వేయగలదు. బల్ల దగ్గర చోటు ఇచ్చినప్పుడే ఆ వారధి పూర్తవుతుంది.

విపత్తు వేళ ఈ మూడు కోణాలూ ఒక్కటవుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను తుపాను ముంచెత్తినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు తదితర సినీ ప్రముఖులు ఊరూరా తిరిగి బాధితుల కోసం విరాళాలు సేకరించారు. అభిమాన తారను చూడాలన్న ఉత్సాహమూ, బాధితుల మీద జాలీ ఒకే జేబు నుంచి డబ్బు తీయించాయి. ఇటీవలి ఉదాహరణ 2014 నాటిది. అమెరికాలో ఒక నరాల వ్యాధి పరిశోధన కోసం నెత్తిన మంచునీళ్లు గుమ్మరించుకునే సరదా సవాలు ప్రపంచమంతా పాకింది. దానికి బదులుగా హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి 'రైస్ బకెట్ చాలెంజ్' ప్రారంభించారు. ఒక బకెట్ బియ్యం అవసరమైనవారికి ఇచ్చి, ఫోటో పెట్టి, మిత్రులను కూడా ఇవ్వమని సవాలు చేయడమే ఆట. నీళ్ల స్థానంలో బియ్యం వచ్చింది. సరదా అలాగే ఉంది, స్థానిక అవసరం తోడైంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
1. బంధన మూలధనం, వారధి మూలధనం మధ్య భేదాన్ని మీ కాలనీ నుంచి ఒక్కొక్క ఉదాహరణతో వివరించండి.
2. బాలాపూర్ లడ్డూ వేలంపాటలో ధరను నిర్ణయించే అంశాలేవి?

9.6 రెండు సంచుల సూత్రం

ఇప్పుడు ఈ భాగానికి గుండెకాయ వంటి అంశానికి వద్దాం. లయన్స్ క్లబ్బులలో ఖాతాలు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి నిర్వహణ ఖాతా. ఇందులో సభ్యుల రుసుములు జమ అవుతాయి. సమావేశాలు, భోజనాలు, కార్యాలయ ఖర్చులు దీని నుంచే భరించాలి. రెండోది సేవా ఖాతా. ప్రజల నుంచి సేకరించిన నిధి ఇందులో జమ అవుతుంది. అది ప్రజలకే చేరాలి. సేకరణ కార్యక్రమానికి నేరుగా అయిన ఖర్చును మాత్రం అందులో నుంచి తీసుకోవచ్చు. సులువుగా గుర్తుండటానికి దీన్ని మనం 'రెండు సంచుల సూత్రం' అందాం.

సరదాను కూడా నియమంలో ఎలా పెట్టవచ్చో తెలియాలంటే లయన్స్ క్లబ్బులలోని 'టెయిల్ ట్విస్టర్' పదవిని చూడండి. పేరులోనే 'తోక మెలిపెట్టేవాడు' అన్న పరిహాసం ఉంది. సమావేశంలో ఉత్సాహం నింపడం, సభ్యులకు సరదా కారణాల మీద చిన్న చిన్న జరిమానాలు వేయడం అతని పని. ఆలస్యంగా వచ్చావనో, పత్రికలో నీ ఫోటో పడిందనో జరిమానా! కాని ఈ అల్లరికి కట్టుబాట్లున్నాయి. జరిమానా పరిమితిని కార్యవర్గం నిర్ణయిస్తుంది. ఒకే సమావేశంలో ఒక సభ్యుడికి రెండుసార్లకు మించి వేయకూడదు. టెయిల్ ట్విస్టర్‌కు జరిమానా వేయాలంటే హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. అన్నింటికన్నా ముఖ్యం, వసూలైన డబ్బును వెంటనే కోశాధికారికి అప్పగించి రసీదు తీసుకోవాలి. నవ్వులో పుట్టిన పది రూపాయలకు కూడా రసీదు ఉంటుంది. సరదా సంఘాలన్నీ నేర్చుకోవలసిన పాఠం ఇది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఇది కల్పిత ఉదాహరణ. లాలాగూడలో 30 మంది సభ్యులున్న ఒక కాలనీ క్లబ్, బడి పిల్లల కళ్లజోళ్ల కోసం ఒక సంగీత విభావరి, విందు ఏర్పాటు చేసిందనుకోండి. 500 రూపాయల టికెట్లు 200 అమ్ముడుపోయాయి. రాబడి 1,00,000 రూపాయలు.

ఖర్చులు:
భోజనం (తలకు 220 చొప్పున) – 44,000
వేదిక, మైకు, వాద్యబృందం – 15,000
హాలు అద్దె – 10,000
ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు – 6,000
మొత్తం – 75,000
మిగులు – 25,000

అంటే రూపాయికి పావలా మాత్రమే కళ్లజోళ్లకు చేరింది. విమర్శకుడు లేచి, 'ఈ 200 మంది తలకు 125 రూపాయలు ఇచ్చి ఇంట్లో కూర్చున్నా ఇంతే వచ్చేది కదా!' అంటే కోశాధికారి దగ్గర జవాబుండదు.

అదే కార్యక్రమాన్ని రెండు సంచుల సూత్రంతో చూడండి. భోజనం తిన్నది టికెట్ కొన్నవారే కనుక ఆ 44,000 టికెట్ డబ్బులో నుంచి పోవడం న్యాయమే. వేదిక, హాలు, శాలువాలు క్లబ్ తన ముచ్చట కోసం, తన పేరు కోసం పెట్టుకున్న ఖర్చు. ఆ 31,000 రూపాయలను సభ్యులే భరించాలని ఈ క్లబ్ నిర్ణయించుకుంటే, తలకు సుమారు 1,033 రూపాయలు పడుతుంది. అప్పుడు సేవా ఖాతాకు 56,000 చేరతాయి. స్థానిక వ్యాపారి ఒకరు బియ్యం, నూనె ఇచ్చి భోజనం ఖర్చు 14,000 తగ్గిస్తే 70,000 చేరతాయి.

గమనించండి: సభ్యుల వంతు మార్చిన చోట మొత్తం ఖర్చు మారలేదు. ఎవరి సంచిలో నుంచి తీశారన్నదే మారింది. ఆ ఒక్క నిర్ణయంతో పావలా కాస్తా 56 పైసలైంది. ఇప్పుడు టికెట్ మీదనే 'ఇందులో 220 రూపాయలు మీ భోజనానికి, 280 రూపాయలు పిల్లల కళ్లజోళ్లకు' అని అచ్చువేయవచ్చు. ఈ ఒక్క వాక్యం వెయ్యి ఫ్లెక్సీల కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. పై విమర్శకుడికి జవాబు కూడా ఇందులోనే ఉంది. తలకు 125 అడిగితే 200 మంది ఇచ్చేవారా అన్నది అనుమానమే. పాట వినడానికి వచ్చిన 200 మంది మాత్రం 280 చొప్పున ఇచ్చి, సంతోషంగా ఇంటికి వెళ్లారు. వచ్చే ఏడాది మళ్లీ పిలిస్తే వస్తారు కూడా.

కార్యక్రమం ముగిసిన పక్షం రోజులలోగా ఒక పేజీ లెక్క తయారుచేసి నోటీసు బోర్డులో అంటించడం మంచి పద్ధతి. అందులో అమ్ముడైన టికెట్ల సంఖ్య, మిగిలిపోయిన టికెట్ల వరస అంకెలు, ఖర్చుల పద్దులు, లబ్ధిపొందిన బడి పేరు ఉంటే చాలు. పిల్లల పేర్లు అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో 9.8లో చూస్తారు.

9.7 చట్టపరమైన జాగ్రత్తలు

స్నేహబృందం డబ్బు సేకరణకు దిగేముందు కొన్ని కనీస నియమాలు తెలుసుకోవాలి.

నమోదు: 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ అమలులో ఉంది. దీని ప్రకారం కనీసం ఏడుగురు వ్యక్తులు కలిసి సొసైటీని నమోదు చేసుకోవచ్చు. నమోదైన సంఘం పేరిట బ్యాంకు ఖాతా తెరవవచ్చు. ఒకరి సొంత ఖాతాలోకి, సొంత ఫోన్ నంబరుకు విరాళాలు రప్పించడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా అనుమానాలకు దారితీస్తుంది.

పన్ను: సభ్యులు తమలో తాము పోగుచేసుకుని తమకోసమే ఖర్చుపెట్టుకున్న డబ్బు ఆదాయం కాదన్నది 'పరస్పరత సూత్రం'. ఎవరూ తమతో తాము వ్యాపారం చేసి లాభం పొందలేరన్నది దీని సారం. అయితే దీనికి హద్దుంది. క్లబ్ తన మిగులును బ్యాంకులో డిపాజిట్ చేసి పొందిన వడ్డీకి ఈ సూత్రం వర్తించదని బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. ఇక దాతలకు పన్ను రాయితీ కలిగించే రసీదును వాడుకలో '80జి రసీదు' అంటారు. ఆదాయపు పన్ను శాఖ ఆమోదం పొందిన సంస్థ మాత్రమే దాన్ని ఇవ్వగలదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ రాయితీ లభించదు. విందు టికెట్ కొని భోంచేసిన వ్యక్తి చెల్లించినదంతా విరాళం కాదని కూడా గుర్తుంచుకోండి.

అదృష్టపు ఆటలు: 'లక్కీ డ్రా', డబ్బు పందెంతో కూడిన తంబోలా విషయంలో చాలా జాగ్రత్త అవసరం. 1998 నాటి లాటరీల చట్టం ప్రకారం లాటరీ నిర్వహించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టం జూదాన్ని నిషేధిస్తుంది. సేవ కోసమే అన్నంత మాత్రాన మినహాయింపు వస్తుందని భావించకూడదు. తంబోలాను సభ్యుల కాలక్షేపంగా ఉచితంగా ఆడించి, నిధిని ప్రవేశ టికెట్ ద్వారానో, వస్తువుల వేలంపాట ద్వారానో, వంటకాల స్టాళ్ల ద్వారానో సేకరించడం క్షేమకరం. సందేహముంటే ముందుగా న్యాయ సలహా తీసుకోవాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 3
1. 9.6లోని ఉదాహరణలో టికెట్ ధర 400 రూపాయలై, 200 టికెట్లే అమ్ముడైతే, రెండు సంచుల సూత్రం ప్రకారం సేవా ఖాతాకు ఎంత చేరుతుంది? (జవాబు: 36,000 రూపాయలు)
2. పరస్పరత సూత్రం అంటే ఏమిటి? దాని హద్దు ఏది?

9.8 పుచ్చుకునేవారి గౌరవం

ఇంతవరకు ఇచ్చేవారి గురించే మాట్లాడుకున్నాం. బల్లకు అవతలివైపున ఒక మనిషి ఉన్నాడు. ఆసుపత్రిలో రోగులకు రొట్టెలు, పండ్లు పంపిణీ చేస్తున్న ఫోటోలను మీరు దినపత్రికల జిల్లా పేజీలలో చూసే ఉంటారు. ఒక అరటిపండును పట్టుకున్న చేతులు ఎనిమిది, దాన్ని అందుకుంటున్న చేతులు రెండు. ఆ రెండు చేతుల మనిషి ఫోటోకు ఒప్పుకున్నాడో లేదో ఎవరూ అడగరు. ఉచిత కళ్లజోడు తీసుకున్న పిల్లవాడి ఫోటో గోడకెక్కితే, రేపు బడిలో తోటి పిల్లలు ఏమంటారో ఆలోచించాలి. సాయం పొందినందుకు కట్టవలసిన ధర పరువు కాకూడదు.

రెండో అంశం అవసరం. సరదా కార్యక్రమం పూర్తయ్యాక, మిగిలిన డబ్బుతో 'ఏదో ఒకటి' చేయడం చాలా సంఘాల అలవాటు. ముందు అవసరాన్ని తెలుసుకుని, దానికి తగిన కార్యక్రమాన్ని రూపొందించుకోవడం సరైన క్రమం. బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయురాలిని అడిగితే, ఆమె కోరేది నోటు పుస్తకాలు కాకపోవచ్చు. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీటి కుళాయి కావచ్చు.

మూడో అంశం కొనసాగింపు. కంటి శిబిరంలో ఆపరేషన్ జరిగిన రోజు ఫోటోలు తీస్తారు. తరువాతి వారాల్లో కట్టు విప్పి చూడటం, మందులు వేయించడం, అవసరమైతే అద్దాలు ఇప్పించడం ఫోటోలకు ఎక్కని పనులు. చూపు నిలిచేది మాత్రం వీటివల్లనే. పోలియో విషయంలో విజయం సాధ్యం కావడానికి కారణం కూడా ఇదే. ఒక్క రోజు ఉత్సవంతో ఆగకుండా, ఏటేటా, ప్రతి వీధిలో, ప్రభుత్వ వ్యవస్థతో కలిసి పనిచేశారు. ఏ క్లబ్బూ ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కాదు. ప్రభుత్వం చేరుకోని మూలను చూపించడం, చేరుకునేలా చేయడం దాని అసలైన పని.

9.9 సారాంశం

స్నేహం కోసం పుట్టిన సంఘాలు కాలక్రమంలో సేవను స్వీకరించడం లాలాగూడ వంటి కాలనీల పరిధిలోనూ, రోటరీ, లయన్స్, రౌండ్ టేబుల్ వంటి అంతర్జాతీయ సంస్థల స్థాయిలోనూ అర్థం చేసుకోవచ్చు. సరదా అనేది సేవకు అడ్డంకి కాదు. అది జనాన్ని రప్పిస్తుంది, ఇచ్చే చేతికి తృప్తినిస్తుంది, మళ్లీ రావాలనిపిస్తుంది. అయితే ప్రజల డబ్బు చేతికి వచ్చిన క్షణం నుంచి సంఘం ధర్మకర్త అవుతుంది. నిర్వహణ ఖాతాను, సేవా ఖాతాను విడిగా ఉంచడం, ప్రతి పైసాకూ రసీదు ఇవ్వడం, చట్టాన్ని పాటించడం, పుచ్చుకునేవారి పరువు కాపాడటం ఆ ధర్మకర్తృత్వంలోని నాలుగు బాధ్యతలు.

9.10 ముఖ్య పదాలు

స్వచ్ఛంద సంఘం: సభ్యులు తమ ఇష్టంతో చేరి, ఇష్టంతో విడిపోగలిగే సంఘం.
సామాజిక మూలధనం: పరిచయాలు, నమ్మకం, పరస్పర సహకారం వల్ల సమూహానికి లభించే శక్తి.
నిర్వహణ ఖాతా: సభ్యుల రుసుములతో నడిచే, సంఘం సొంత ఖర్చుల ఖాతా.
సేవా ఖాతా: ప్రజల నుంచి సేకరించి, ప్రజలకే వినియోగించవలసిన నిధుల ఖాతా.
పరస్పరత సూత్రం: సభ్యులు తమకోసమే పోగుచేసుకున్న డబ్బు పన్ను విధించదగిన ఆదాయం కాదనే సూత్రం.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. సరదా సంఘం సేవాసంఘంగా మారే క్రమాన్ని తగిన ఉదాహరణలతో వివరించండి.
2. 'రెండు సంచుల సూత్రం' ఆవశ్యకతను ఒక కార్యక్రమం లెక్కల ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. లయన్స్ క్లబ్బులలో టెయిల్ ట్విస్టర్ పదవికి ఉన్న నియమాలేవి? వాటి ఉద్దేశం ఏమిటి?
2. నిధి సేకరణలో పుచ్చుకునేవారి గౌరవాన్ని ఎలా కాపాడవచ్చు?

III. క్షేత్ర కార్యం
మీ కాలనీలోని ఏదైనా ఒక సంఘం ఇటీవల నిర్వహించిన నిధి సేకరణ కార్యక్రమాన్ని ఎంచుకోండి. నిర్వాహకుల అనుమతితో రాబడి, ఖర్చు, చేరిన సాయం వివరాలు సేకరించి, రూపాయికి ఎన్ని పైసలు లబ్ధిదారులకు అందాయో లెక్కకట్టండి. ఆ సంఘంలో ఇంతవరకు ఎవరికి చోటు దొరకలేదో కూడా నమోదు చేయండి. మీ పరిశీలనను రెండు పేజీలలో రాసి, తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి. లెక్క చూపడానికి నిర్వాహకులు ఇష్టపడకపోతే, ఎవరి పేరూ రాయకుండా ఆ విషయాన్నే నమోదు చేయండి. అది కూడా ఒక సమాచారమే.